ఉత్తరువు అందని గేటు

వెదర్‌కోట్ రైలు గేటు దగ్గర కారు ఆపేసరికి జోబ్ టిల్‌స్టన్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: పదకొండూ ఇరవై దగ్గర ఆగిపోయిన జేబు గడియారం తాలూకు ఫోటో, చింపకుండా మిగిలిన ఒక కేలండరు కాగితం, తనను పనిలో పెట్టుకున్న మనిషి విధించిన ఒక షరతు, ఇరవై గంటలకు పావుగంట తక్కువ వ్యవధి. రేపు ఉదయం పదింటికి లెన్ గార్బెట్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఈలోగా సరుకు పెరగకపోతే ఇరవై తొమ్మిదేళ్ళ లెన్ మిగతా బతుకంతా జైలు గోడలను చూస్తూ గడపాల్సిందే.

టిల్‌స్టన్ పంతొమ్మిదేళ్ళు లడ్లో పట్నంలో బార్లీ, గోధుమ అమ్మాడు. ఆ తరవాత ప్రైవేటు దర్యాప్తుల పనిలోకి వచ్చాడు. రెండూ ఒకటే వ్యాపారం అంటాడు. ఎవరు ఏం చెప్పినా బస్తాలోకి చెయ్యిపెట్టి అడుగునుంచి గుప్పెడు తీసి చూడాలి.

సన్నగా, ఆగకుండా వాన పడుతోంది. గేటు రోడ్డుకు అడ్డంగా మూసి ఉంది. పక్కనున్న చిన్న ఇంట్లోంచి రబ్బరు కోటు తొడుక్కున్న ముసలావిడ వచ్చి, కారును ఎగాదిగా చూసి, గేటు తీసింది. అతను దాటగానే మళ్ళీ మూసి, గొళ్ళెం పెట్టి, గబగబా లోపలికి వెళ్ళింది. కారు అద్దంలో ఇదంతా చూసిన టిల్‌స్టన్‌కు నవ్వు రాలేదు. ఆ పట్టాల మీద రైలు వచ్చి మూడేళ్ళు దాటింది. పట్టాల మధ్య ముళ్ళకంప నడుమెత్తు పెరిగింది. గేటుకు మాత్రం తెల్లరంగు కొత్తగా ఉంది. మడతబందులకు నూనె తడి ఆరలేదు.

ధర చీటీ లేని బస్తా కనిపిస్తే వ్యాపారి ఎలా గుర్తుపెట్టుకుంటాడో, అలా ఆ సంగతిని మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

వెదర్‌కోట్ స్టేషన్‌ది తొంభై ఏడేళ్ళ ఆయుష్షు. పాల క్యాన్లతో మొదలైంది. గొర్రెపిల్లలు, బార్లీ, యుద్ధంలో బాంబుల భయానికి ఇళ్ళనుంచి పంపేస్తే మెడలో పేరు చీటీ కట్టించుకుని దిగిన లండన్ పిల్లలు, తిరిగిరాని సైనికులు, అందరినీ మోసింది. రోజుకు నాలుగు రైళ్ళు రెండయ్యాయి. చివరికి గోడ మీద ఒక నోటీసు పడింది: 1964 సెప్టెంబరు 7, సోమవారం నుంచి మూసివేత. ఆ లైను మీద ఆదివారం రైళ్ళు ఏనాడూ లేవు కాబట్టి ఆఖరి రైలు శనివారం సాయంత్రమే వెళ్ళిపోయింది. ఊరంతా వచ్చి చేతులూపింది.

ఆ రైలును పంపిన స్టేషన్‌మాస్టరు ఆంబ్రోస్ టల్లీ. భార్యాపిల్లలు లేరు. ఉద్యోగం అయిపోగానే సముద్రం పక్క ఊరికి వెళ్ళి స్థిరపడతానని అందరికీ చెప్పాడు. ఆయన ట్రంకుపెట్టె ఆ రైల్లోనే ముందు వెళ్ళింది. తరవాత ఆయన కనిపించకపోతే వెళ్ళిపోయాడనే అనుకున్నారు. తొమ్మిది రోజుల కిందట పాత ఇనుము కొనేవాళ్ళు సరుకుల యార్డులో వేబ్రిడ్జి, అంటే లోడు బండ్లను తూచే కాటా, గుంట మూత ఎత్తారు. అడుగున ఎముకలు, పగిలిన జేబు గడియారం ఉన్నాయి. ఆయన వెళ్ళలేదని అప్పుడు తెలిసింది.

యార్డులో ఇన్‌స్పెక్టర్ నార్మన్ బ్లేక్‌వే ఇద్దరు కానిస్టేబుళ్ళతో టార్పాలిన్ కింద నిలబడి ఉన్నాడు.

“వచ్చావా గింజల బేరగాడా! ఇక్కడ అమ్మడానికేం లేదు. ఎముకలు కూడా పట్టుకుపోయారు.”

“కొనడానికి వచ్చాను. మీ కేసు ఎంతకిస్తారు?”

“నా కేసు గట్టిది. లెన్ గార్బెట్ ఇక్కడ కూలీ. వేరే స్టేషన్లో పనికి టల్లీ సిఫారసు రాయలేదని వాడికి కడుపుమంట. శనివారం రాత్రి ఇద్దరూ తాగారు. ఆఫీసులో అరుచుకోవడం పబ్బునుంచి వచ్చే ముగ్గురు విన్నారు. టల్లీ గడియారం పదకొండూ ఇరవైకి పగిలి ఆగిపోయింది. ఆఫీసు కేలండరు అయిదో తారీకు శనివారం దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్నకి టల్లీ బతికుంటే ఆ కాగితం చింపకుండా ఉంటాడా? ఇంకేం కావాలి నీకు?”

“ఆ మూత కావాలి.”

వేబ్రిడ్జి మూలన, గుంటలోకి దిగడానికి ఉన్న ఇనుపమూత అది. స్లీపరు దుంగల మీద పడేసి ఉంది. బొటనవేలంత మందం. రెండు చివర్లా రెండు కొక్కేలు.

“మీరు ముగ్గురు ఉన్నారు. గడ్డపార అదిగో. దీన్ని ఒక జానెడు ఎత్తండి, నేను ఇటునుంచి ఇటే ఇంటికి పోతాను. ఒంటిగా, తాగి ఉన్న లెన్ ఎత్తాడు కదా!”

బ్లేక్‌వే పౌరుషం గల మనిషి. కోటు విప్పి కానిస్టేబుల్‌కిచ్చాడు. ముగ్గురూ గడ్డపార దూర్చి, బురదలో కాళ్ళు జారుతూ, బూతులు తిట్టుకుంటూ ఎత్తారు. మూత రెండు వేళ్ళ ఎత్తు లేచి, ధబ్బున పడింది. ఒక కానిస్టేబుల్ బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

“వాడికి ఎవడో సాయం వచ్చాడు,” అన్నాడు బ్లేక్‌వే రొప్పుతూ.

“మనిషి కాదు, బండి వచ్చింది. ఇటు చూడండి.” టిల్‌స్టన్ కొక్కెం లోపలివైపు వేలు పెట్టాడు. “ఈ మెరిసే గీత మొన్న పాత ఇనుము వాళ్ళ గొలుసుది. దీని పక్కన ఇంకో గీత ఉంది. ఇదీ గొలుసు ఒరిపిడే, కానీ తుప్పు పట్టింది. మూడేళ్ళ తుప్పు. అంతకుముందు రైల్వే మరమ్మతువాళ్ళు తాళ్ళు కట్టేవాళ్ళు, గొలుసు వాడగా నేను చూడలేదు. క్రేను ఉన్న లారీ ఒకటి ఇక్కడ నిలబడింది.”

బ్లేక్‌వే జవాబు చెప్పేలోగా అతను గుంటలోకి దిగాడు.

మోకాలిలోతు నీళ్ళు. పోలీసులు అడుగుభాగం జల్లెడ పట్టారు గానీ పైకి చూడలేదు. చూసినా తెలిసేది కాదు. కాటా కింద బరువును మోసే ఇనుప దూలాన్ని టిల్‌స్టన్ చేత్తో తడుముతూ పోయాడు. ఇలాంటి కాటాల మీదే అతను వేల బస్తాలు తూయించుకున్నాడు. వ్యాపారంలో మొదటి ఏడే మోసపోయాడు కూడా. దూలం లోపలివైపు చెయ్యి ఆగింది. మెత్తటి లోహం. అరచేయంత సీసం దిమ్మ, తీగతో చుట్టి, నల్లరంగు పూసి, దూలంలో భాగంలాగే ఉంది.

దాన్ని తాకకుండా బ్లేక్‌వేను పిలిచి టార్చి వేయించాడు.

“ఏమిటది?”

“దొంగ తూకం. దీనితో ఈ కాటా ప్రతి లోడుకూ ఒక బస్తా ఎక్కువ చూపిస్తుంది. కొనేవాడి పొయ్యిలోకి ఒక బస్తా బొగ్గు తక్కువ. టల్లీ ఆఖరి పెన్నీతో సహా లెక్క చూపి స్టేషన్ అప్పజెప్పి పోయే రకం. ఆఖర్న తూకపురాళ్ళు పెట్టి కాటా కూడా సరిచూసుంటాడు. తేడా బయటపడి ఉంటుంది.”

“కట్టినవాడెవడు?”

“ఈ యార్డులో కాటా వేసి బొగ్గు అమ్మినవాళ్ళు ముగ్గురు,” అన్నాడు టిల్‌స్టన్. ముగ్గురిలో ఒకడి పేరు అతని నాలుక మీద చేదుగా తగిలింది. దాన్ని మింగేశాడు. రుజువు లేని పేరు చెల్లని నాణెం లాంటిది. బయటపెడితే పెట్టినవాడికే నష్టం.

పైకి వచ్చి, బూట్లలోంచి నీళ్ళు వంపుకుంటూ అన్నాడు. “ఇప్పుడు చెప్పండి. ఈ యార్డులోకి బండి రావాలంటే ఆ గేటు తప్ప దారి ఉందా?”

“లేదు. అందుకే నీ లారీ కథ చెల్లదు. గేటు దగ్గర ముసలమ్మ బెడ్డోస్‌ను నేనే అడిగాను. శనివారం ఆఖరి రైలు తరవాత ఒక్క బండి కూడా దాటలేదని బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పింది.”

“ఆవిడ నిజమే చెప్పింది. శనివారం బండి రాలేదు. బండి లేనిదే మూత లేవదు. కాబట్టి అది శనివారం కాదు.”

“మరి ఆ కేలండరు...” అన్నాడు బ్లేక్‌వే.

“ఆ కేలండరు ఆఫీసుది, టల్లీది కాదు. ఆదివారం ఆఫీసు తీయరు. సోమవారం పొద్దున్నే రెండు కాగితాలు కలిపి చింపేవాళ్ళు. ఇక్కడ బార్లీ ఎక్కించినన్నాళ్ళూ చూశాను. ఈ లైనువాళ్ళకు ఆదివారం అంటూ ఒక రోజు లేదు. మీ గడియారానికేమో పగలూ రాత్రీ తేడా లేదు. ఆదివారం పగలు పదకొండూ ఇరవైకి ఊరంతా ఎక్కడుంటుంది?”

“చర్చిలో,” అన్నాడు బ్లేక్‌వే, ఇష్టం లేకుండా.

“ఆదివారం సంగతి ఆ ముసలావిడను అడిగారా?”

బ్లేక్‌వే కానిస్టేబుల్ చేతిలోంచి కోటు లాక్కుని, గేటు ఇంటి వైపు నడిచాడు.

గేటు ఇంట్లో ఎతెల్ బెడ్డోస్ ఇద్దరికీ టీ పోసింది. డెబ్భై దాటిన మనిషి. కళ్ళు కిటికీనీ గేటునూ వదలవు. గోడ మీద రైల్వే గడియారం ఒకటి టిక్కుమంటోంది. కిటికీ పక్కన మేకుకు దారంతో కట్టిన పెన్సిలు వేలాడుతోంది. బెత్తెడు కూడా లేదు, రాసి రాసి అరిగిపోయింది. దాని కింద బల్ల మీద పుస్తకమంత మేర దుమ్ము లేదు. పుస్తకం మాత్రం లేదు.

“అమ్మా, గేటు పుస్తకం రాసేవారు కదా మీరు?” అడిగాడు టిల్‌స్టన్.

“రైళ్ళు ఉన్నప్పుడు, నాయనా. అవెప్పుడో తీసుకెళ్ళిపోయారు.”

“ఆదివారాలు కూడా రాసేవారా?”

“రైలు లేకపోయినా గేటు గేటే కదా. ఇప్పుడెందుకులే అవన్నీ. బిస్కట్టు తీసుకో.”

బ్లేక్‌వే టోపీ అందుకున్నాడు. “చూశావా? పద. అల్లిన కథంతా ఇక్కడ చిక్కుపడింది.”

టిల్‌స్టన్ కదల్లేదు. బిస్కట్టు టీలో ముంచుతూ, ఏమీ పట్టనట్టు అన్నాడు. “ఇంతకీ నేను ఎన్నింటికి వచ్చానో! గడియారం చూసుకోలేదు.”

“రెండూ పదిహేడు,” అంది ఆవిడ వెంటనే.

“ఇన్‌స్పెక్టరు గారు?”

“ఒంటిగంటా నలభై. వెనక దీపం ఒకటి వెలగట్లేదు ఆయనకి, చెబుదామనుకుంటూనే...”

అక్కడ ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బ్లేక్‌వే టోపీని మెల్లిగా తిరిగి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నన్ను తిట్టకండి,” అంది. “నాకు కాగితం రాలేదు. స్టేషన్ వాళ్ళందరికీ ఉత్తరువులు వచ్చాయి. టల్లీ గారికి, లెన్‌కి, దీపాల తాతకి కూడా. నన్ను మర్చిపోయారు. జీతం ఆగింది గానీ ఉత్తరువు రాలేదు. ఉత్తరువు లేకుండా గేటు వదిలితే తప్పు నాదవుతుంది. పోనీ ఉత్తరువేదీ అని అడిగితే, ఓహో ఇంకా ఉన్నావా అని ఇల్లు ఖాళీ చేయిస్తారు. అందుకని అడగలేదు. గేటు తీస్తున్నాను, వేస్తున్నాను, రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు. మా ఆయన శవం ఈ గుమ్మంలోంచే వెళ్ళింది. నేనూ అలాగే పోదామని.”

“పుస్తకం ఎక్కడుంది?”

“అది బయటపడితే నేనున్నానని తెలుస్తుంది కదా, నాయనా.”

“తెలుస్తుంది.”

“ఇల్లు పోదని మాటివ్వగలవా?”

టిల్‌స్టన్ జీవితంలో ఎన్నో బేరాలు ఆడాడు. ఇవ్వమంటే మాట ఇవ్వడం ఎంతసేపు? ఆ ముసలిముఖం ఆ మాట కోసం చెయ్యి చాచినట్టు ఉంది. “ఇవ్వలేను,” అన్నాడు. “పోయే అవకాశమే ఎక్కువ. పుచ్చు గింజలు మంచివని చెప్పి అమ్మను, అమ్మా. కాకపోతే అటు తక్కెడలో ఏముందో కూడా చెప్పాలి కదా. ఆ గేటుకు రంగు ఎవరు వేశారు?”

ఆవిడ తల తిప్పింది. కిటికీలోంచి చూసింది. తెల్లటి అడ్డపట్టెల మీద వాన జారుతోంది.

“లెన్,” అంది. “ప్రతి శరత్కాలం. డబ్బులివ్వబోతే, ఎప్పుడైనా రైలొస్తే సిగ్గుగా ఉండకూడదు కదా పిన్నీ, అంటాడు.” భుజాల మీది ఉన్ని శాలువాను గట్టిగా లాక్కుంది. “తొమ్మిది రోజులుగా ఆ పేజీ తియ్యలేదు నేను. తీస్తే చూడాల్సొస్తుందని. శనివారమేనా అని ఈయన అడిగితే, శనివారమే కదా అడిగాడు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.”

లేచి, పిండి డబ్బా మూత తీసి, గోనెగుడ్డలో చుట్టిన పుస్తకం బయటికి తీసింది. తనే పేజీ తిప్పింది. వెతకనక్కరలేదు, వేలు నేరుగా అక్కడికే వెళ్ళింది. గీతలు గీసిన వరసల్లో గుండ్రటి అక్షరాలు:

ఆదివారం, సెప్టెంబరు 6. లోపలికి 10.52. క్రాడక్ గారి బొగ్గు లారీ, గొలుసు క్రేనుతో. ఆయనే నడిపారు. పని: కాటా. బయటికి 12.09. ఇక గేటు తెరిచే ఉంచమన్నారు. ఉత్తరువు లేదని చెప్పాను.

బ్లేక్‌వే రెండుసార్లు చదివాడు. “క్రాడక్,” అన్నాడు. “లెన్‌కు ఇప్పుడు పని ఇచ్చింది క్రాడకే కదా. నా మనిషిని నేను కాపాడుకోవాలి అని ఊరంతా చెప్పుకు తిరుగుతూ... నిన్ను పెట్టుకున్నది కూడా అతనేగా?”

“అతనే. ఒక షరతు మీద. గుంటలో ఏం దొరికినా, ఎవరు ఏం చెప్పినా ముందు తనకే చెప్పాలి, పోలీసులకు తరవాత. పనివాడి మీద ప్రేమ అనుకున్నాను మొదట.” టిల్‌స్టన్ పుస్తకం మూశాడు. “లెన్ కోసం కాదు. ఆ సీసం దిమ్మ కోసం. ఆ రోజు శవాన్ని దాచే తొందరలో వదిలేసి ఉంటాడు, మళ్ళీ బండి తెద్దామంటే ఈ గేటు, ఈవిడ కళ్ళు అడ్డం. ఇన్నేళ్ళూ అది శవం పైన వేలాడుతూ ఉంటే అతనికి నిద్ర ఎక్కడిది? నన్ను దర్యాప్తుకు పెట్టుకోలేదు, ఇన్‌స్పెక్టర్ గారూ. కాపలాకు పెట్టుకున్నాడు.”

“ఎప్పుడు చెప్పాలి అతనికి?”

“ఇవాళ నాలుగింటికి.”

“ఎక్కడ?”

బయట హారను మోగింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి.

ఎతెల్ బెడ్డోస్ గడియారం చూసింది. నాలుగూ మూడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఆవిడను కుర్చీలోంచి లేపింది. రబ్బరు కోటు మీద చెయ్యి పడింది. అంతలో ఆగి, టిల్‌స్టన్ వైపు తిరిగింది.

“క్రాడక్ గారు. తియ్యమంటావా, నాయనా?”

“వద్దమ్మా. అడ్డంగానే ఉండనివ్వండి.”

బ్లేక్‌వే అప్పటికే వెనక తలుపు దగ్గర ఉన్నాడు. ఎగతాళి అంతా ముఖంలోంచి దిగిపోయింది. “మావాళ్ళిద్దరూ యార్డులో ఉన్నారు. అయిదు నిమిషాలు. అంతవరకు మాటల్లో పెట్టగలవా?”

“అమ్మకం రాకపోయినా గంటసేపు బేరమాడగలను. మీరు పరుగెత్తండి.”

తలుపు మూసుకుంది. రెండో హారను మొదటిదానికన్నా పొడుగ్గా మోగింది. మూడోది మోగలేదు.

కిటికీలోంచి టిల్‌స్టన్‌కు నల్లకారు కనిపిస్తోంది, దీపాలు వెలుగుతూ, ఇంజను ఆడుతూ. డ్రైవరు సీట్లో బలమైన మనిషి కదలకుండా గేటు వైపు చూస్తున్నాడు. అరిచి పిలవలేదు. హారను కొడితే ఆ గేటు తెరుచుకోకపోవడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి. అదేమిటో అర్థం చేసుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. కారు దిగాడు. వెనక డిక్కీ తీశాడు. వంగి లేచేసరికి చేతిలో ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు ఉంది. దాన్ని కోటు పక్కన ఆనించుకుని, గేటు పక్కన మనుషులు దాటే చిన్న దిడ్డి వైపు నడిచాడు.

“దిడ్డికి తాళం ఉందా, అమ్మా?”

“మనుషులకి ఎప్పుడూ తాళం వెయ్యలేదు, నాయనా. బండ్లకే గేటు.”

టిల్‌స్టన్ ముందు తలుపు గడియ వేసి, కుర్చీ అడ్డం పెట్టాడు. పుస్తకాన్ని ఆవిడ ముందే ఉంచాడు. తన దగ్గర పెట్టుకుంటే బావుండునేమో. కానీ అది ఆవిడది. ఆవిడ దాన్ని తెరిచి, దారం చివర పెన్సిలు అందుకుని, ఇవాళ్టి తారీకు కింద కొత్త వరసలో రాసింది.

లోపలికి 4.06. క్రాడక్ గారు. కాలినడకన.

గుమ్మం బయట బురదలో అడుగులు వినిపిస్తున్నాయి. ఆ కాసేపట్లోనే టిల్‌స్టన్ లెక్క చూసుకున్నాడు. పోయినవి: పని ఇచ్చిన మనిషి, అతని షరతు, ఈ ముసలావిడ తలమీది కప్పు. వచ్చినవి: ఒక సీసం దిమ్మ, మూడేళ్ళు దారితప్పిన ఒక ఆదివారం, తన కోసం వానలో పరుగెడుతున్న ఒక శత్రువు. పొద్దున్న పదింటికి లెన్ గార్బెట్ తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచి వెళ్ళడానికి అది చాలు. ఈ తలుపు అయిదు నిమిషాలు నిలబడితే.

తలుపు మీద ఇనుము తట్టింది.

ఎతెల్ బెడ్డోస్ పెన్సిలు కింద పెట్టింది. ‘బయటికి’ అన్న గడి ఖాళీగా వదిలేసింది.